లోపలి పుల్ల

నాకు కుడిచెవి చిన్నప్పుడే జ్వరంలో పోయింది. ఎడమచెవే పెట్టుబడిగా ఇరవై రెండేళ్లనుంచి గూడూరులో ఫిడేళ్లు బాగుచేస్తున్నాను.

శనివారం పొద్దున్నే చిట్టమూరు టైటస్ వచ్చి ఫిడేలు నా బల్లమీద పడేశాడు. అది చనిపోయిన వాళ్ల నాన్నది. నెల కిందట దానికి తీగలు మార్చింది నేనే. మర్నాడు చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక, అక్కడ అతను ఆ ఫిడేలే వాయించాలి.

"ఏం చేసినావు దీన్ని? రేకుడబ్బా మాదిరి పలకతా ఉంది."

"తీగలన్నీ ఒకేసారి వదులు చేసినావా?"

"తుడిచేదానికి చేసినా. అయితే ఏంది?"

ఫిడేలు కడుపులో, తీగల్ని మోసే బ్రిడ్జి కుడికాలి వెనక, పెన్సిలంత పుల్ల ఒకటి నిలబడి ఉంటుంది. దానికి జిగురు పెట్టరు. తీగల బిగువుకే పైచెక్కకీ కిందిచెక్కకీ మధ్య నిలుస్తుంది. తీగలన్నీ వదిలితే పడిపోతుంది, వెంట్రుకవాసి జరిగినా నాదం మారిపోతుంది. ఇదంతా నెమ్మదిగా చెప్పి ఉండవచ్చు. నా నోరు ఊరుకోదు.

"కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టుంది నీకీ ఫిడేలు," అన్నాను.

కొట్టాడు. అరచెయ్యి ఎడమచెవి మీద పడింది. లోపల ఏదో పగిలి, ఈల మొదలైంది. కిందపడ్డ నా గుండెలమీద మోకాలు పెట్టి గొంతు నులిమాడు. చేతికందిన కొయ్యసుత్తితో అతని కుడి మణికట్టు మీద కొట్టాను. గొంతు వదిలేశాడు. అయినా ఇంకోసారి కొట్టాను. ఎముక విరగడం సుత్తిపిడిలో తెలిసింది. ఆ రెండో దెబ్బ కేవలం కసికొద్దీ కొట్టిందే.

పక్కకొట్టు రమణయ్య పరుగెత్తుకొచ్చి విడదీశాడు. తప్పు నాది కాదని చూపించాలి కదా. రొప్పుతూనే ఫిడేలు పైచెక్క సందులోంచి చిన్న అద్దం దూర్చి టార్చి వేశాను. పుల్ల నిలబడే ఉంది, కానీ దాని చోట కాదు, నట్టనడుమ. దాని అడుగున తెల్లజిగురు గడ్డకట్టింది.

టైటస్ అద్దంలోకి చూశాడు. ముఖం పాలిపోయింది. పెదవులు చాలాసేపు కదిలాయి, నాకు ఈల తప్ప ఏమీ వినపడలేదు. రమణయ్య నా ముఖం చూసి, కాగితంమీద రాశాడు: "ఊడిపడిందని తానే అతికించినాడంట. ఆసుపత్రికి రాడంట, ముందు దీన్ని పలికించమంటున్నాడు."

జిగురు గీకాను. పుల్లను దాని చోట నిలబెట్టి, తీగలు బిగించాను. బల్లమీద పెట్టిన ఫిడేలు మీద టైటస్ ఎడమచేత్తో కమాను లాగాడు. ఇద్దరూ నా వైపు చూశారు.

నాకు భయమేసింది. సరిగా ఉందో లేదో మీరే చెప్పాలన్నాను.