బస్తా పట్టు

మా డ్రెనన్‌లోనూ, నది అవతల ఉన్న కార్వర్‌లోనూ ఒక పద్ధతి ఉంది. శుక్రవారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో, అంటే బంతి చేత పట్టుకుని పరుగెత్తేవాణ్ని పడగొట్టే ఆటలో, అవతలి పిల్లవాడి ఎముక విరిగితే, వాణ్ని పడగొట్టినవాడు ఆదివారం చర్చి అయ్యాక అక్రోటు రోల్ అనే తీపిరొట్టె పట్టుకుని ఆ ఇంటికి వెళ్లాలి. వాళ్లు తలుపు తీసి రోల్ అందుకుంటే అది ఆటలో తగిలిన దెబ్బ. తియ్యకపోతే దొంగదెబ్బ. రిఫరీ ఏమన్నాడు, పేపరు ఏం రాసింది అని ఆ తర్వాత ఎవరూ అడగరు. తలుపు తెరవని ఇంటి నుంచి రోల్‌తో వెనక్కి వచ్చినవాణ్ని నా జీవితంలో ఒక్కణ్నే చూశాను. వాడికిప్పుడు యాభై దాటాయి, మూడు లారీలకు యజమాని. అయినా మంగలిషాపులో వాడి పేరెత్తితే ముందు ఆ తలుపు సంగతే వస్తుంది.

ఆ ఆదివారం మా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నవాడు డెవిన్ ఒర్లిక్. పదిహేడేళ్లవాడు, తడి బట్టలతో తూచినా నూట ముప్పై పౌన్లు దాటడు. శుక్రవారం వాడు కార్వర్ వాళ్ల కోల్బీ ట్రెంట్‌ను పడగొట్టాడు. కోల్బీ చీలమండ రెండుచోట్ల విరిగింది. డెవిన్ వాళ్లమ్మకు ఆదివారం వృద్ధాశ్రమంలో డ్యూటీ, పైగా ఆవిడకు పిండి కలపడం చేతకాదు. అందుకని నేనే పొద్దున్నే పిండి పొంగబెట్టి, అక్రోట్లు నలగ్గొట్టి, తేనె కలిపి పరిచి చుట్టాను. చివర కోసిన ముక్క వాడి ముందు పెట్టాను.

"తిను."

"వద్దండీ. వాళ్లు తలుపు తీస్తారంటారా?"

"తీస్తారు. ముందు తిను."

"తియ్యకపోతే నేనింక ఆడనండీ. నా జెర్సీ తెచ్చి కోచ్‌కి ఇచ్చేస్తాను."

ఆ కోచ్ మా ఆయనే, మిలన్ హ్రుస్కా. ఇరవై ఆరేళ్లుగా డ్రెనన్ హైస్కూలు జట్టు ఆయన చేతిలోనే ఉంది. నా పుట్టినరోజు ఎప్పుడని ఎవరైనా అడిగితే "కార్వర్ ఆట అయిన మరుసటి వారం" అని చెప్పే మనిషి. అప్పుడే టై ముడి సరిచేసుకుంటూ వంటింట్లోకి వచ్చి, పిల్లవాడు తినకుండా వదిలేసిన ముక్క నోట్లో వేసుకున్నాడు.

"జెర్సీ లేదు, గిర్సీ లేదు," అన్నాడు. "రిఫరీ తప్పని జెండా వేశాడా? వెయ్యలేదు. ముగ్గురు రిఫరీలు చూస్తూ నిలబడ్డారు, ఒక్కడైనా వెయ్యలేదు. అలాంటప్పుడు దొంగదెబ్బ ఎలా అవుతుందిరా?"

"విరిగిన చప్పుడు వినబడింది కోచ్."

మా ఆయన నమలడం ఆపాడు. కారు తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

డెవిన్ కోల్బీని పడగొట్టిన ఆ పట్టు కనిపెట్టింది మా ఆయనే. మా ఊళ్లో గనులు మూతబడ్డాక జనం తగ్గిపోయారు. జట్టుకు పంతొమ్మిదిమంది పిల్లలు దొరికితే గొప్ప, వాళ్లూ బక్కప్రాణులే. కార్వర్ వాళ్లేమో ఒక్కొక్కడూ బీరువా అంత ఉంటాడు. బంతి పట్టుకుని పరుగెడుతున్న అలాంటివాణ్ని మా పిల్లలు వెనకనుంచి పట్టుకుంటే, వాడు మావాణ్ని కూడా ఈడ్చుకుపోయేవాడు. అప్పుడు మా ఆయన దాణా బస్తాలతో పెరట్లో వారం రోజులు కుస్తీపట్టి ఒక ఉపాయం పట్టాడు. నడుము చుట్టూ చేతులు వేసి, గిరుక్కున పక్కకు తిరిగి, నీ కాళ్లు నేల మీదనుంచి వదిలెయ్యాలి. నీ బరువంతా వాడి మడమల మీద కూలబడుతుంది. ఎంత బీరువా అయినా పడాల్సిందే. పిల్లలు దానికి బస్తా పట్టు అని పేరు పెట్టారు. అది వచ్చాక మేం గెలవడం మొదలుపెట్టాం. అది పదకొండేళ్ల కిందటి మాట.

ఆ పదకొండేళ్లలో ఆ పట్టు కోసం నేను చేసిన నాలుగో రోల్ ఇది. ముందు మూడిళ్లవాళ్లూ తలుపు తీశారు. ప్రతిసారీ ఇంటికొస్తూ మా ఆయన ఈల వేసేవాడు, నేను పక్కన కూర్చుని నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

కారులో వంతెన దాటాం. వెనక సీట్లో డెవిన్ రోల్ ఉన్న రేకు డబ్బాను ఒళ్లో పెట్టుకుని, మూత మీద రెండు చేతులూ వేసి కూర్చున్నాడు. వాడి మెడ దగ్గర చొక్కా బొత్తాం ఊడిపోయి ఉంది. ఇంటి దగ్గరే చూసుంటే కుట్టిపెట్టేదాన్ని కదా అనిపించింది. పిల్లలు లేనిదాన్ని, ఏడాదికి పంతొమ్మిదిమంది పిల్లలు నాకు. వాళ్లందరిలోనూ ఈ వెర్రివాడంటే కాస్త ఎక్కువ ఇష్టం, పైకి చెప్పను.

"ఏం అడిగినా నేను మాట్లాడతాను, నువ్వు ఊరుకో," అన్నాడు మా ఆయన.

"పడగొట్టినవాడే మాట్లాడాలి కదా కోచ్."

"అది పాత పద్ధతిరా."

"ఇదంతా పాత పద్ధతే కదండీ," అన్నాడు వాడు. నాకు నవ్వొచ్చింది, ఆయనకు రాలేదు.

ట్రెంట్ వాళ్ల ఇంటి ముందు స్కూలు బస్సు ఆగి ఉంది. కోల్బీ వాళ్లమ్మ రెనీ ఆ బస్సు నడుపుతుంది. డెవిన్ మెట్లెక్కి తలుపు తట్టాడు. మేమిద్దరం వాడి వెనక నిలబడ్డాం. చాలాసేపటికి చెక్క తలుపు తెరుచుకుంది గాని, జాలీ తలుపు గొళ్లెం అలాగే ఉంది. రెనీ జాలీ వెనక నిలబడి పిల్లవాణ్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఇంత చిన్నవాడా అనుకున్నట్టు కనిపించింది.

"నేను డెవిన్‌నండీ. కోల్బీని నేనే..." డబ్బా ముందుకు చాచాడు.

"తీసుకుంటానో లేదో తర్వాత చెప్తాను," అంది రెనీ. "ముందు ఒక మాట చెప్పు బాబూ. ఆ పట్టు నీకెవరు నేర్పారు?"

డెవిన్ తడుముకోలేదు. "ఎవరూ నేర్పలేదండీ. నా అంతట నాకే వచ్చింది."

ఆ మాటకు ఆవిడ తలుపు మూసేస్తే వాడి బతుకంతా ఆ తలుపే. అది వాడికి తెలుసు, తెలిసే అన్నాడు. పక్కకు తిరిగి మా ఆయన మొహం చూశాను. ఇరవై ఆరేళ్లలో ఎన్ని ఆటలు ఓడినా ఆ మొహం అలా పాలిపోవడం నేను చూడలేదు.

"వాడు అబద్ధం చెప్తున్నాడమ్మా," అన్నాడు. "నేనే నేర్పాను. అది నా పట్టు. వాడు నేను చెప్పినట్టే చేశాడు, ఒక్క పిసరు తేడా లేకుండా చేశాడు."

రెనీ గొళ్లెం తీసింది. డబ్బా అందుకుని డెవిన్ భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు లోపలికి రా. వాడు సోఫాలో పడుకుని నన్ను చంపుకు తింటున్నాడు, కాసేపు కూర్చుని మాట్లాడు." తర్వాత మా ఆయనకేసి తిరిగింది. "మీరు రావద్దు కోచ్. ఈ పిల్లాడిది దొంగదెబ్బ కాదు. మీది."

తలుపు పడింది. మా ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. రెనీ నన్ను రావద్దనలేదు, అయినా నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. లోపల ఇద్దరు పిల్లలు మొదట గొణుక్కున్నారు, కాసేపటికి ఏదో వీడియో గేమ్ చప్పుడు, ఆ తర్వాత కోల్బీ నవ్వు వినబడింది. ఆయన చెయ్యి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. చల్లగా ఉంది.

రెనీ ఒక పళ్లెం పట్టుకుని బయటికి వచ్చింది. అందులో రెండు రోల్ ముక్కలు ఉన్నాయి.

"ఇవి మీకు మార్లీన్. ఆయనకు పెట్టకండి."

"నాకూ వద్దు రెనీ," అన్నాను. "మా జట్టు ఆటలన్నీ గ్యాలరీలో పైమెట్ల మీద నిలబడి వీడియో తీసేది నేనే. బరువు కింద మడమ ఎలా మెలిపడుతుందో మొదటి ఏడాదే చూశాను. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. గెలుస్తున్నాం కదా, గెలిస్తే ఈయన ఇంట్లో పాటలు పాడుకుంటూ తిరుగుతాడు కదా అని నోరు మూసుకున్నాను."

మా ఆయన నావైపు చూశాడు. "నాతో ఎప్పుడూ అనలేదేం?"

"నీకు తెలియదా?"

ఆయన బూట్లకేసి చూసుకున్నాడు. "తెలుసు," అన్నాడు. "రెండోవాడి కాలు విరిగినప్పుడే తెలుసు. జెండా పడలేదు కదా అనుకున్నాను."

రెనీ పళ్లెం గట్టు మీద పెట్టి మా పై మెట్టు మీద కూర్చుంది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి, రెండు రోజులుగా నిద్ర ఉన్నట్టు లేదు.

"రేపు ప్రాక్టీసులో వాళ్లకు ఏం నేర్పుతారు?" అని అడిగింది.

"ఎదురుగా వెళ్లి, తల పక్కకు పెట్టి, భుజంతో పట్టుకోమంటాను. వెనకబడిపోతే వదిలెయ్యమంటాను."

"వదిలేస్తే?"

"అవతలివాడు వెళ్లిపోతాడు. పాయింట్లు వాళ్లవి. మావాళ్లు చిన్నవాళ్లమ్మా. ఇంకా మూడు ఆటలున్నాయి, మూడూ..." అక్కడ ఆగిపోయాడు.

"ఓడిపోతారు," అంది రెనీ.

"ఓడిపోతాం," అన్నాడు మా ఆయన.

పెళ్లయి ముప్పై ఒక్క ఏళ్లయింది. ఆటకు ముందు ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. ఆయనంటే నాకు అంత ప్రేమ ఇంకెప్పుడూ కలగలేదు. పరాయివాళ్ల గుమ్మంలో, కొడుకు కాలు విరిగిన తల్లి చూస్తుండగా, సిగ్గు లేకుండా ఆయన భుజం మీద తల ఆనించాను.