అరవని సవతితల్లి

సవతికూతురి చేత ముళ్లు కలిపిన ఉన్ని దువ్వించిన ఆవిడ కథ ఆ ఊళ్లో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. కథ చివర సవతికూతురు పల్లకీ ఎక్కుతుంది, సవతితల్లి ఊరి వెలుపలికి పోతుంది. ఆవిడకు సొంత కూతురొకతె ఉండేదన్న మాట కథలో అర వాక్యం. ఆ అర వాక్యమే పెరిగి పెద్దదై, ముప్పై రెండో ఏట అద్దకం మేస్త్రిని పెళ్లి చేసుకుంది. మేస్త్రికి మొదటి భార్య పోయింది. ఆరేళ్ల కూతురుంది.

“తెలిసి తెలిసి అదే గుంటలో దిగుతున్నావా?” అంది తల్లి.

“నీలా ఉండనుగా. ఆ పిల్ల మీద గొంతు లేపితే ఒట్టు.”

తల్లి సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆమె ఒట్టు నిలబెట్టుకుంది. ఆరేసిన తెల్లబట్ట మీద పిల్ల రంగు ఒలకబోస్తే “పోనీలే తల్లీ” అంది. జడ వేయించుకోనని కాలితో తన్నితే నవ్వింది.

“ఆ నవ్వు చూడవే, పులి గడ్డి మేస్తోంది,” అంది ఎదురింటావిడ, వినబడేలాగానే.

ఈవిడకు కోపం ఎక్కడ దాగుందో చూద్దామని పిల్ల రోజుకొకటి విరగ్గొట్టేది. తండ్రి ఒక్క కేక వేస్తే మాత్రం పిల్లిలా తప్పుకునేది.

ఒకనాటి పొద్దున మేస్త్రి నూలు కొనడానికి వెళ్లాడు. కొట్టు ముందు నలుగురు ఆడవాళ్లు తమ బట్టల కోసం నిలబడ్డారు. ఆమె మడతలు విప్పి చూపిస్తూ తల తిప్పేసరికి, లోపల పిల్ల ముక్కాలిపీట ఎక్కి, పొయ్యి మీద కుతకుతలాడుతున్న రంగు కాగులోకి వంగి ఉంది. మధ్య పది అడుగుల దూరం.

కేక గొంతు దాకా వచ్చింది. నలుగురి కళ్లూ తన మీదే ఉన్నాయి. కేకను మింగింది.

“దిగమ్మా బంగారం. దిగు.”

“దిగను,” అని పిల్ల నవ్వుతూ ఇంకా వంగింది.

పరుగెత్తి రెక్క పట్టి లాగితే వేళ్ల అచ్చులు పడతాయి. ఆ అచ్చులు ఊరంతా చూస్తుంది. నవ్వు చెదరనివ్వకుండా, మెల్లగా రెండడుగులు వేసింది. మూడో అడుగు పడేలోపు పీట జారింది.

ఆస్పత్రిలో పిల్ల మోచేతి దాకా కట్టు కట్టినవాడు మరో కథలోని మనుషుల్ని తినే రాక్షసుడి కొడుకు. “పుట్టి బుద్ధెరిగాక ఆకుకూర తప్ప ముట్టలేదక్కా. అయినా నన్ను చూస్తే పిల్లలు ఏడుస్తారు,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “వేళ్లు ఇక ముడుచుకోవు,” అన్నాడు.

సాయంత్రం తల్లి వచ్చింది. కట్టు చూసింది.

“అరవలేకపోయావా?”

“అరిస్తే నీ కూతుర్నంటారు.”

“నేను అరిచింది ఒక్కసారే. అది బావి గట్టెక్కి కూర్చుంది. కేకేసి జుట్టు పట్టి ఇవతలికి లాగాను. కథలో బావి ఎగిరిపోయింది, జుట్టు మిగిలింది.”

“మరి ముళ్లు?”

“ముళ్లు గొర్రె తెచ్చుకుంది. నేను కలిపానా?”

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“చెప్తే నమ్మేదానివా? నువ్వూ ఆ కథ విని పెరిగినదానివే కదే.”

మంచం మీద పిల్ల కళ్లు తెరిచింది. సవతితల్లి ముఖం చూసి గోడ వైపు తిరిగింది.

“నాన్నయితే అరిచేవాడు,” అంది గోడతో.

మర్నాడు ఆమె నీళ్లకు వెళ్తే కుళాయి దగ్గర కథ అప్పుడే మొదలైపోయింది. “పసిది కాగులోకి వంగితే, నవ్వుతూ చూస్తూ నిలబడిందట.”

ఆమె బిందె నిండేదాకా విన్నది. తల్లి కథలో కాదనడానికి ఒక గొర్రె ఉంది, ఒక బావి ఉంది. ఇందులో ఎంత వెతికినా కాదనడానికి ఒక్క ముక్క దొరకలేదు. బిందె ఎత్తుకుని, నీళ్లు తొణకకుండా ఇంటికి నడిచింది.