ఏటి అవతల వదిలిన పిల్లి

బడి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా మిరపకాయల కుప్ప ముందు కూర్చున్నాను. పొద్దుగుంకేలోగా తాలుకాయలు ఏరకపోతే అన్నంతో పాటు అత్తయ్య మాటలూ మింగాలి. ఎనభై అయిదులో అద్దంకి చుట్టుపక్కల కాపు బాగా వచ్చింది. కాపు బాగా వస్తే ఆ ఇంట్లో పేరు మా ఆయనకి, చేతుల మంట నాకు. కానీ ఆ సాయంత్రం నా ధ్యాస చేతుల మీద లేదు. అటక మీద పిల్లికూనలు అదేపనిగా అరుస్తున్నాయి. పొద్దున నేను బడికి వెళ్ళేటప్పుడు ఉన్న తల్లిపిల్లి ఇప్పుడు ఎక్కడా లేదు.

"పిల్లి కనపడకపోతే మనిషి పోయినట్టు ఆ మొహమేంటే?" అంది మా అత్తయ్య ప్రేమమ్మ. పాస్టరుగారి కాఫీకని దాచిన పాలు అది తాగేసిన రోజు నుంచీ దాన్ని చూస్తే ఆవిడకి పడదు.

బావి దగ్గర వెతికాను. పక్కింటి జుబేదా వాళ్ళ గడ్డివాము చుట్టూ తిరిగాను. వచ్చి ఒక కూనను ఒళ్ళో పెట్టుకుని, పత్తి వత్తి పాలలో ముంచి నోటికి అందించాను. మూతి తిప్పేసుకుంది. ఎంత కడిగినా నా వేళ్ళకు మిరప ఘాటు వదలదు. ఆకలితో అల్లాడే పసిదానికి పాలు పట్టడానికి కూడా పనికిరావు ఈ చేతులు అనుకునేసరికి ఏడుపొచ్చింది. చివరికి రెండో తరగతి చదివే నా కూతురు రెబ్కా పట్టింది. సగం పాలు కూన గడ్డం మీంచి కారిపోయాయి.

మా ఆయన జయరావు రేడియో చెవి తిప్పుతూ, "ఎక్కడికి పోద్దిలే, అదే వచ్చిద్ది. నువ్వు రాలేదూ?" అని నవ్వాడు.

ఆ ఇంట్లో ఆ మాట పాతదే. కిందటేడు చుట్టాల ముందు నామీద చెయ్యి చేసుకుంటే వేటపాలెంలో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోయాను. రెబ్కాను నాతో పంపలేదు. వారం తిరక్కుండా తిరిగొచ్చాను. అప్పట్నుంచీ ఎవరొచ్చినా జయరావు చెప్పే కథ అదే: "పిలవడానికి కూడా పోలేదు నేను. బస్సెక్కి తనే వచ్చేసింది." అందరూ నవ్వుతారు. కాఫీ గ్లాసులు అందిస్తూ నేనూ నవ్వేదాన్ని. నన్ను అందరూ సంతోషం అని పిలుస్తారు. సంతోషకుమారిని కదా, నవ్వకపోతే పేరు చెడుతుంది. వేటపాలెం దగ్గరి మిషన్ బళ్ళో ఖాళీ ఉంది, అడగనా అని మా హెడ్మిస్ట్రెస్ అన్నప్పుడు కూడా వద్దన్నాను. ఆ ఇల్లంటే నాకంత ప్రేమని వాళ్ళు అనుకున్నారు. కొన్నాళ్ళు నేనూ అనుకున్నాను.

అన్నానికని లేచి తొట్టి దగ్గరికెళ్ళిన జయరావు ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే కళ్ళ మీద నీళ్ళు కొట్టుకుంటూ గెంతుతున్నాడు. "కొబ్బరినూనె తే సంతోషం. పొద్దున్నుంచీ ఈ చెయ్యి ఒకటే మంట. మర్చిపోయి కళ్ళు నులిమా."

మణికట్టు మీద పొడుగాటి గీతలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఆయన ఏనాడూ మిరపకాయ ముట్టుకోడు. నా చేతులు మండుతున్నాయంటే "చేతులేగా, మొహం కాదుగా" అనే మనిషి. ఆ మంట ఆయన చేతికి ఎలా వచ్చిందో నాకు అర్థమైంది.

"పిల్లిని ఏం చేశారు?"

"అమ్మే చెప్పింది. టిక్కీలో వేసి గిరగిరా తిప్పి గుండ్లకమ్మ ఏటి అవతల వదిలా. అట్టా తిప్పితే దారి మర్చిపోద్దంట."

టిక్కీ అంటే మేము మిరపకాయలు తొక్కి నింపే గోతాం. ఎంత దులిపినా అందులో కారం పోదు. "అందులో వేసి తిప్పారా? దాని కళ్ళేం కావాలి? అటక మీద కూనలు ఎవరి పాలు తాగాలి?"

"కూనలున్నాయని నాకేం తెలుసు?"

నిజమే, తెలియదు. అటకెక్కి కుండలు దించేది నేను. తన నెత్తి మీద ఏం అరుస్తోందో ఆయనకు ఏనాడూ తెలియనక్కర్లేదు. నూనె సీసా ఆయన ముందు పెట్టి, రాయకుండా వచ్చేశాను.

శనివారమంతా బళ్ళో ఉన్నా ప్రాణం అటక మీదే ఉంది. కళ్ళు కనపడని పిల్లి ఏరు దాటుతున్నట్టు, లారీ కింద పడినట్టు ఒకటే ఊహలు. సాయంత్రానికి ఒక కూన అరవడం కూడా మానేసింది.

ఆదివారం చర్చికి తయారవుతుంటే రెబ్కా కేకేసింది. గోడ మీద పిల్లి. కళ్ళు వాచిపోయాయి, ఒళ్ళంతా పల్లేరుకాయలు.

"చెప్పానా, అదే వచ్చిద్దని," అన్నాడు జయరావు, తనే వెతికి తెచ్చినట్టు.

పాలు పోశాను. అది గిన్నె వైపు చూడలేదు. తడబడుతూ అటకెక్కింది. ఒక కూనను మెడ దగ్గర పట్టుకుని దిగి, మా కాళ్ళ పక్క నుంచే నడిచి, గోడెక్కి అవతలికి వెళ్ళిపోయింది. ఖాళీ నోటితో మళ్ళీ వచ్చింది, ఇంకోదాన్ని తీసుకుపోయింది.

"ఇంటికొచ్చేసింది కదమ్మా, మళ్ళీ ఎక్కడికి?" అంది రెబ్కా.

"ఇంటికి రాలేదమ్మా. పిల్లల కోసం వచ్చింది."

అన్నాక ఆ మాట నాకే కొత్తగా వినపడింది. జయరావు వాచీ పెట్టుకోబోతూ ఆగాడు.

అరవడం మానేసిన కూనను చివర్న తీసుకెళ్ళింది. తల్లి నోట్లో అది కాళ్ళు కదిపింది, బతికే ఉంది. "ఎక్కడికి పోద్ది, మళ్ళీ వచ్చిద్దిలే," అంది అత్తయ్య.

"ఎందుకొస్తుంది అత్తయ్యా? దానిదంటూ ఇక్కడేం మిగల్లేదుగా."

చర్చి గంట మోగుతోంది. రెబ్కాను దగ్గరికి పిలిచి, వేసిన జడలు విప్పి, బస్సులో గాలికి ఊడకుండా గట్టిగా మళ్ళీ అల్లాను.