గాజు మీద మచ్చ

మళ్ళీ అక్కడే తుడుస్తున్నాడు, ఆ ఎడమ మూలే, విమానం గాజు అరిగిపోవాలి గానీ మేస్త్రీకి తనివి తీరదు, స్టోరులో ఇచ్చే గుడ్డ గరుకట, గీతలు పడతాయట, అందుకని ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ తన బనీను చింపి తెచ్చుకున్నాడు, నోటి ఆవిరి కొట్టడం, తుడవడం, తల వంచి వాలుగా చూడటం, మళ్ళీ ఆవిరి కొట్టడం, పట్టీలు బిగించుకుని, ఎగరమనే గంట కోసం కాచుక్కూర్చున్న పైలట్‌కి ఆ ఆవిరి గాజుకి కాదు తన మొహానికే పడుతున్నట్టుంది, చాలు మేస్త్రీ, నా మొహం నాకే కనబడి దడుచుకునేలా ఉన్నాను అన్నాడు, ఒక్క నిమిషం సార్, ఈ మూలొక్కటి అన్నాడు మేస్త్రీ, ఆ మూల ఏమీ లేదయ్యా, ఆ రోజు కూడా ఏమీ లేదు, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, వచ్చి, పళ్ళ వెనకాల చతికిలబడింది.

ఆ రోజంటే గుర్రు పోయిన రోజు, గుర్రు అతని జంట, ఎప్పుడూ ఎడమ రెక్క పక్కనే ఎగిరేవాడు, కుర్చీలో నడుం వాలిస్తే చాలు గుర్రుపెట్టేవాడని ఆ పేరు, నేల మీద అంత మొద్దునిద్ర గానీ పైకెళితే వాడికి వీపునా కళ్ళే, నీ వీపు నేను చూస్తా, నా వీపు నువ్వు చూడన్నా, అంతే మన సంసారం అనేవాడు, ఆ ఎడమ మూల ఇతని కాపలా, ఆ రోజు ఆ మూలలో ఆవగింజంత నల్ల చుక్క, ఈగేదో చచ్చి అంటుకుందనుకున్నాడు, పాఠాల్లో నేర్పిందీ అదే, కదిలేది శత్రువు విమానం, కదలనిది మురికి, అది కదల్లేదు, ఈ మేస్త్రీ సరిగ్గా తుడిచి చావలేదు అని తిట్టుకున్నాడు కూడా, తిట్టు పూర్తయ్యేలోగా ఈగకి రెక్కలొచ్చాయి, గుర్రు విమానం అగ్గిపుల్లలా భగ్గుమంది, అన్నా అని కూడా అనలేదు వాడు, అనే తీరిక దొరకలేదు.

తిన్నటి రోడ్డు, తనకి ఎనిమిదేళ్ళ వయసు, దూరాన లారీ, ఎంత చూసినా ఉన్నచోటే ఉన్నట్టుంది, సరే కదా అని గోలీ కోసం రోడ్డు మధ్య వంగాడు, అమ్మ రెక్క పట్టుకు గుంజి వీపు విమానం మోత మోగించింది, నీకేసే వస్తున్నది పక్కకి కదిలినట్టు ఎలా కనబడుతుందిరా సన్నాసీ అంది, దెబ్బ ఇన్నేళ్ళూ గుర్తుంది, మాట మాత్రం గుర్రు కాలిపోయాక గుర్తొచ్చింది, రేడియోలో ఎందుకు అరవలేదని పెద్దాఫీసరు అడిగితే గాజు మీద మచ్చనుకున్నాను సార్ అన్నాడు, నిజమే, సగం నిజం, దిగగానే చేతితొడుగు లాగేసి వేలితో రాసి చూశాడు, గాజు తేట నీళ్ళలా ఉంది, ఆ రెండో సగం ఎవరూ అడగలేదు, అడగంది చెప్పకపోతే అబద్ధమెలా అవుతుంది అని రోజూ తనతో తనే వాదించుకుని రోజూ తనే గెలుస్తాడు, మేస్త్రీని పిలిచారు, తుడిచావా అంటే, తుడిచాను సార్, కానీ ఎక్కడైనా మిగిలిందేమో అన్నాడు, ఆ ఏమో వాడి మెడకి రాయిలా వేలాడింది, నలుగురితో కూర్చుని తినడు, గుర్రు నాన్న కొడుకు బట్టలు తీసుకెళ్ళడానికొస్తే మేస్త్రీ షెడ్డు గోడ వెనక నక్కి నిలబడ్డాడు, పైలట్ చూశాడు, చూసి, పెద్దాయనకి టీ ఇప్పించి, సంచీ మోసి, బస్సెక్కించి వచ్చాడు.

చెప్పెయ్ ఇప్పుడే, గంట ఇంకా మోగలేదు, చెబితే ఏమవుతుంది, విమానంలోంచి దింపేస్తారా, దింపితే బతికిపోతాను కదా, అది కాదు, మేస్త్రీ తలెత్తి చూస్తాడు, ఆ చూపుకి ఎదురు నిలబడటం ఎలా, పక్క విమానంలోంచి కొత్తల్లుడు చెయ్యూపుతున్నాడు, గుర్రు చోట్లోకి వచ్చిన జంట, కంచం ముందు కూర్చుని ఎవరో వడ్డిస్తారని చూస్తాడు గనక కొత్తల్లుడు, అన్నా, ఇవాళైనా మర్యాదలు బాగా జరుగుతాయా అని అరుస్తున్నాడు, జరుగుతాయిరా, కాల్చి మరీ చేస్తారు, మేస్త్రీ, ఏంటి సార్, ఒక మాట చెప్పాలి నీకు, చెప్పండి సార్, ఏమైనా మచ్చ కనబడుతోందా అని గుడ్డ మళ్ళీ ఎత్తాడు, ఆ గుడ్డ ఎత్తిన చెయ్యి చూసి పట్టీ ఇంకాస్త బిగించుకున్నాడు, లేదులే, వచ్చాక చెబుతా, వచ్చాక, తీరిగ్గా, గంట మోగింది.

పైన గాజు ఉన్నట్టే లేదు, ఆకాశాన్ని తెచ్చి కళ్ళలో పోసినట్టుంది, మేస్త్రీ చేతిలో ఏముందో, ఎడమన కొత్తల్లుడి రెక్క, దాని అవతల ఆవగింజంత చుక్క, కదలట్లేదు, మేస్త్రీ వదిలేసిన మచ్చా, కాదు, మేస్త్రీ మచ్చ వదలడు, ఏనాడూ వదల్లేదు, ఒరేయ్ తిరుగు, ఎడమకి తిరుగు, గుర్రు కోసం దాచిపెట్టిన అరుపంతా ఒక్కసారే రేడియోలోకి పోయింది, కొత్తల్లుడు తిరిగాడు, వాడు తప్పుకున్నాడు, చుక్క తప్పుకోలేదు, ఇతని గాజులో ఉన్నచోటే ఉండి లావవుతోంది, నీకేసేరా సన్నాసీ అంటోంది అమ్మ, విమానం తిప్పే కర్ర లాగాడు, ఆలస్యమైందని చేతికి ముందే తెలిసిపోయింది, వింతగా భయం వెయ్యలేదు, కింద నేల మీద ఇంకో విమానం ముందు ఒక బనీను గుడ్డ కళ్ళకి కట్టినట్టు కనబడింది, ఆవిరి కొడుతూ, తుడుస్తూ, వాలుగా చూస్తూ, నిన్నటిదాకా ఒకడి కోసం, రేపట్నుంచి ఇద్దరి కోసం, బతికినన్నాళ్ళూ ఆ మూలే తుడుస్తాడు, ఆ గాజు మీద ఏనాడూ ఏమీ లేదని తెలిసినవాడు లోకంలో ఒక్కడే, ఆ ఒక్కడూ తనే.