ఆమె పడిన మెట్లు

ఇసోజీ రోజూ పొద్దున పనికి వెళ్ళి, అక్కడ చచ్చిపోయి, సాయంత్రానికి ఇంటికొచ్చేవాడు. వచ్చి గుమ్మం బయటే నిలబడేవాడు. మిత్సుయో పొయ్యి దగ్గర పని వదిలి, గూట్లో ఉన్న ఉప్పు గిన్నె తీసుకుని వెళ్ళి, ముందు ఎడమ భుజం మీద, తర్వాత కుడి భుజం మీద చిటికెడేసి చల్లేది. అప్పుడు గాని అతను చెక్క చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. అది అత్తగారు పెట్టిన నియమం. చావింటికి వెళ్ళొచ్చినవాళ్ళకే ఉప్పు చల్లుతాం, రోజూ తానే చచ్చి వచ్చేవాడికి చల్లకపోతే ఎలా అని ఆవిడ వాదన. "వాడి వెంట వచ్చిన చావు గుమ్మం దాటకూడదు. అది నీ పని, అమ్మాయ్. మర్చిపోయావంటే ఆ పాపం నీదే."

క్యోటో ఊరికి పడమటి వైపు, సినిమా స్టూడియో గోడ పక్కనే ఉన్న ఆ వరస ఇళ్ళలో అందరివీ ఇలాంటి బతుకులే. ఒకరు దీపాలు మోస్తారు, ఒకరు గుర్రాలకి గడ్డి వేస్తారు, పక్కింటి తాకి విగ్గుల గదిలో జుట్టు దువ్వుతుంది. ఇసోజీ కత్తిదెబ్బలు తింటాడు. పాతకాలపు వీరుల సినిమాల్లో హీరో కత్తి దూయగానే చుట్టూ మూగి, ఒక్కొక్కరే నేల కూలే వాళ్ళలో ఒకడు. మొహం కనపడదు. కనపడినా ఎవరూ గుర్తుపెట్టుకోరు.

చావడం తేలికైన పనేమీ కాదు. సాధన కావాలి. సాధనకి చంపేవాళ్ళు కావాలి. పెళ్ళయిన కొత్తలోనే మిత్సుయో ఆ పనికి కుదిరింది. బట్టలు ఆరేసే వెదురు గడ ఆమె చేతికిచ్చి, "నువ్వు హీరోవి. నరుకు" అన్నాడు ఇసోజీ. ఆమె సిగ్గుపడుతూ గడ ఊపింది.

"ముల్లంగి తరిగినట్టు తరుగుతావేంటి?"

"నాకు తెలిసింది అదే కదండీ."

ఆరేళ్ళలో ఆమె చెయ్యి తిరిగింది. ఎటు నుంచి దెబ్బ పడితే మనిషి ఎటు ఒరుగుతాడో, ఏ కాలు ముందు మడుస్తాడో అన్నీ తెలిశాయి. ఒకపక్క బియ్యంలో కలిపిన బార్లీ ఉడుకుతుంటే ఇంకోపక్క మొగుణ్ణి నరికేది. అతను పడ్డాక చాప దులిపేది, వీపుకి పట్టీలు వేసేది, మట్టి కొట్టుకున్న బట్టలు ఉతికి అదే వెదురు గడ మీద ఆరేసేది. ఇది పని అని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు. కుళాయి దగ్గర తాకి ఏడిపించేది.

"ఇవాళ ఎన్నిసార్లు చంపావే మీ ఆయన్ని?"

"రెండే అక్కా. మూడోసారికి అన్నం మాడింది."

"అదృష్టవంతురాలివి. మా ఆయన్ని చంపుదామన్నా ఇంటి పట్టున ఉండడు."

ఆ కుళాయి కింద సందులో ఉంది, ఇళ్ళు పైన ఉన్నాయి. మధ్యలో రాతిమెట్లు. రోజూ నీళ్ళు మోసేది మిత్సుయోనే. పోయిన చలికాలం ఆమెకి అయిదో నెల. ఆ రోజు పొద్దున మంచు పడి మెట్లు గాజులా మెరుస్తున్నాయి. ఇసోజీ పై మెట్టు మీద కూర్చుని సిగరెట్టు కాలుస్తున్నాడు. "ఈ ఒక్కరోజుకి నీళ్ళు మీరు తెస్తారా" అని అడిగింది. అడగడానికి కూడా రాత్రంతా ఆలోచించింది.

"నడుం పట్టేసిందే. నిన్న మూడుసార్లు గుర్రం మీంచి పడేశారు. నువ్వే మెల్లగా తెచ్చెయ్" అన్నాడు. కోపంగా అనలేదు. అతను ఏదీ కోపంగా అనడు. అందుకే ఆమెకి ఎప్పుడూ ఎదురు చెప్పే వీలు దొరకదు.

రెండు బకెట్లూ నింపుకుని దాదాపు పైదాకా వచ్చాక కాలు జారింది. ఆమె బకెట్లు వదల్లేదు. వదిలితే మళ్ళీ దిగి నింపుకోవాలి కదా అనిపించింది. వెనక్కి ఒరిగిపోతూ గాల్లో ఉన్న ఆ రెప్పపాటులో కూడా ఆ ఆలోచనే వచ్చింది, తర్వాత దాన్ని తలుచుకుంటే ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసేది. ఆ తర్వాతే కుడిచేతి బకెట్టు వదిలి, ఆ చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. వీపు నేలకి తగలకుండా ఒళ్ళు పక్కకి తిరిగింది. ఆమె తిప్పలేదు, అదే తిరిగింది. ఎడమచేతి బకెట్టు చివరిమెట్టు దాకా చేతిలోనే ఉంది.

బిడ్డ దక్కలేదు.

ఆసుపత్రి నుంచి తాకి భుజం పట్టుకుని నడిపించుకొచ్చింది. మిత్సుయో గుమ్మం బయట కాసేపు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అప్పుడు ఆమెకే తెలియలేదు. "చలిగాలి కొడుతోంది, తలుపు వెయ్యి" అంది అత్తగారు లోపల్నుంచి. ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసింది.

"మా రోజుల్లో నొప్పులు వచ్చేదాకా నీళ్ళు మోశాం. మేం పడలేదు మరి" అని అత్తగారు ఎవరితోనో అన్న మాట గోడ అవతల నుంచి వినపడింది. ఇసోజీ ఒకే మాట అన్నాడు. "పోనీలే, మళ్ళీ పుడతారు." మర్నాడు యథాప్రకారం చావడానికి వెళ్ళాడు. సాయంత్రం అతని భుజాల మీద ఆమె ఉప్పు చల్లింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ రోజు సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే దయ అన్నట్టు ఉండేవాళ్ళు. మిత్సుయోకి మాత్రం ఎవరైనా అడిగితే బాగుండు అనిపించేది. ఎలా పడ్డావు, ఎక్కడ తగిలింది, అప్పుడేం అనుకున్నావు అని. కుళాయి దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఆ మెట్టు దాటుతూ, అడిగితే ఏం చెప్పాలో మనసులో కూర్చుకునేది.

చెర్రీలు పూచే వేళకి స్టూడియోలో ఒక పెద్ద సినిమా మొదలయింది. నిజమైన కోటంత కోట కట్టారు. వరస ఇళ్ళలో పని దొరకనివాళ్ళు లేరు. తాకికి దువ్వాల్సిన విగ్గుల లెక్క తెలియడంలేదు. ఫైట్ మాస్టర్ కుమాగాయ్ తన మనుషులందర్నీ కూర్చోబెట్టి చెప్పాడట. "కోట మెట్ల మీద ఇరవైమంది చస్తారు. ఇరవై చావులూ వేరువేరుగా ఉండాలి. ఏది బాగుంటే దాని దగ్గరికి కెమెరా తెస్తాను. ఆ చచ్చినవాడి పేరు సినిమా మొదట్లో వేయిస్తాను."

ఇసోజీకి తిండి సయించలేదు. పదిహేనేళ్ళుగా చస్తున్నా తెర మీద అతని పేరు ఒక్కసారి కూడా పడలేదు. ఇంట్లో ఎన్నిరకాలుగా పడి చూసినా, "ఇలా ఇంకొకడు ఎప్పుడో చచ్చాడు" అని తనే కొట్టిపారేసేవాడు. మిత్సుయో గడ పట్టుకుని నరికీ నరికీ అలిసిపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె చారు కోసం మిసో అనే సోయా ముద్ద నీళ్ళలో కలుపుతుంటే వెనక నుంచి అతను మెల్లగా అన్నాడు.

"మిత్సుయో. ఆ రోజు నువ్వు పడ్డావు చూడు, మెట్ల మీద."

ఆమె చేతిలో గరిట ఆగింది.

"నాకు అప్పుడప్పుడు కళ్ళ ముందుకొస్తుంది. ముందు ఏం జరిగింది? కాలు జారిందా, ఒళ్ళు తూలిందా?"

ఇన్ని నెలలకి అడిగాడు. ఆమె గరిట పక్కన పెట్టింది. పొయ్యి దగ్గర్నుంచి వచ్చి అతని ఎదురుగా కూర్చుని, మనసులో కూర్చి పెట్టుకున్నదంతా వరసగా చెప్పింది. కాలు జారడం, బకెట్లు వదలకపోవడం, ఎందుకు వదల్లేదో, తర్వాత చెయ్యి పొట్ట మీదకి వెళ్ళడం. చెబుతుంటే కన్నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. ఇసోజీ ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏడేళ్ళ కాపురంలో ఆమె మాట అతను అంత శ్రద్ధగా ఎన్నడూ వినలేదు.

అంతా అయ్యాక అతను లేచి పరుపులు తెచ్చి గోడవారగా ఒకదాని మీద ఒకటి పరిచాడు.

"ఒకసారి పడి చూపించు" అన్నాడు.

ఆమె చూపించింది. ఎందుకు చూపించావని తర్వాత ఎన్నోసార్లు తనని తాను ప్రశ్నించుకుంది. భర్త అడిగాడని చూపించింది. అతని పేరు పడితే ఇల్లంతా తేలికపడుతుందని చూపించింది. ఇంకో కారణం కూడా ఉంది, అది ఒప్పుకోవడం కష్టం. ఆ ఒక్కసారి అతను ఆమెనే చూస్తున్నాడు. రోజూ సాయంత్రం పరుపుల మీదకి ఆమె వెనక్కి పడేది, అతను మోకాళ్ళ మీద కూర్చుని చూసేవాడు. "ఆ చెయ్యి మళ్ళీ పెట్టు. కాదు, ఆ రోజు పెట్టినట్టు." "తొందరగా తిరిగావు. ఆ రోజు ఇంకాస్త ఆగి తిరిగావు." ఆ రోజు సంగతి ఆమె కన్నా అతనికే బాగా తెలిసినట్టు మాట్లాడేవాడు. అత్తగారు మూల కూర్చుని బట్టలు కుట్టుకుంటూ, "మెల్లగా పడు అమ్మాయ్, పరుపు చిరుగుతుంది" అనేది.

శరదృతువులో సినిమా వచ్చింది. ముగ్గురూ తాకిని కూడా తీసుకుని వెళ్ళారు. మొదట పేర్లు పడుతుంటే అత్తగారు ఊపిరాడనివ్వలేదు. "ఏదిరా? ఏదిరా? అదా? పోయిందా?" పేరు పడింది, అందరికన్నా చివర, చిన్న అక్షరాల్లో. ఇసోజీ చీకట్లో కళ్ళు తుడుచుకున్నాడు. విగ్గుల గది వాళ్ళవి ఎవరివీ పడలేదు. తాకి వేయించిన శనగలు నములుతూ, "చూస్తున్నంతసేపూ నాకు తలకాయలే కనపడతాయి" అంది.

కోట మెట్ల మీద పోరాటం వచ్చింది. హీరో పై నుంచి కత్తి ఝళిపించాడు. బల్లెం పట్టుకున్న కాపలాభటుడు వెనక్కి ఒరిగాడు. చేతిలోది వదల్లేదు. గాల్లో అతని కుడిచెయ్యి మాత్రం మెల్లగా వచ్చి పొట్ట మీద ఆనింది. ఒళ్ళు పక్కకి తిరిగింది. ఎడమచేతిలో బల్లెం చివరిమెట్టు దాకా వచ్చింది. కెమెరా దగ్గరికి వచ్చి ఆ పొట్ట మీది చెయ్యిని చాలాసేపు చూపించింది. ముందు వరసలో ఎవరో ఆడమనిషి, "అయ్యో, పాపం" అంది.

ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే. మిత్సుయో చీకట్లో ఆవిడ తల వెనకభాగాన్ని చూస్తూ కూర్చుంది. వెళ్ళి ఆవిడ భుజం మీద తట్టి, అమ్మా, మీరు అయ్యో అన్నది నన్ను అని చెప్పాలనిపించింది. తెర మీద యుద్ధం సాగిపోతోంది. ఆమె బిడ్డ పోయిన చోటు వెనకబడిపోయింది, హీరో గుర్రమెక్కాడు, జనం చప్పట్లు కొట్టారు. పక్కనుంచి తాకి ఆమె చెయ్యి పట్టుకుంది. శనగలు నమలడం ఆపేసింది. ఆ రోజు కుళాయి దగ్గర నిలబడి ఆమె పడటం చూసింది, మెట్ల కింద నుంచి ఎత్తింది తాకినే. గుర్తుపట్టింది.

"మిత్సుయో, అది..."

"అవునక్కా."

మర్నాడు ఇంట్లో సందడి. ఇసోజీ తోటివాళ్ళు వచ్చారు. మిత్సుయో బియ్యపు సారా వెచ్చబెట్టి పోస్తోంది.

"ఆ పొట్ట మీద చెయ్యి ఎలా తట్టిందిరా నీకు? మాస్టారు ఇంకా అదే చెప్పుకుంటున్నాడు."

ఇసోజీ మూతి తుడుచుకున్నాడు. భార్య వైపు చూడలేదు. "ఏమో. నిద్రలో తట్టింది."

"నువ్వు నిద్రలో కూడా చస్తావురా" అని అందరూ నవ్వారు. మిత్సుయో గిన్నెలన్నీ సమంగా నింపి, వంటింట్లోకి వెళ్ళి ముల్లంగి ఊరగాయ తరిగింది. సన్నగా, ఒకే మందంగా తరిగింది.

వాళ్ళు వెళ్ళాక అతను ఉత్సాహంగా పరుపులు లాగాడు. "మాస్టారు తర్వాతి సినిమాలో కూడా నాకు మెట్లే ఇస్తానన్నాడు. కాకపోతే ఈసారి ఎడమ వైపుకి తిరగాలి. రా, ఒకసారి పడు. ఎడమకి తిరిగితే చెయ్యి ఎలా వస్తుందో చూద్దాం."

మిత్సుయో మూలనున్న వెదురు గడ తీసుకుంది. అతను నవ్వుతూ, "గడ ఎందుకు? పడేది నువ్వు" అన్నాడు.

"బట్టలు ఆరెయ్యాలండీ" అంది. పెరట్లోకి వెళ్ళి గడని కొక్కేల మీద పెట్టి, పొద్దున పిండి ఉంచిన బట్టలు ఒక్కొక్కటే దాని మీద వేసింది. తిరిగొచ్చాక కూడా అతను అలాగే నిలబడి ఉన్నాడు.

"నేను పడింది ఒక్కసారేనండీ. మిగతావన్నీ మీరు పడేసినవి. ఇంక పడను."

అతనికి అర్థం కాలేదు. అలిసిపోయింది, రేపటికి సర్దుకుంటుంది అని అమ్మతో అనడం ఆమెకి వినపడింది.

మర్నాడు సాయంత్రం ఇసోజీ ఎప్పటిలాగే చచ్చి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. మిత్సుయో ఉప్పు గిన్నె తెచ్చింది. కానీ అతనికి ఎదురుగా ఆగలేదు. అతన్ని దాటుకుని తనూ బయటికి వెళ్ళి, అతని పక్కనే గుమ్మానికి ఎదురుగా నిలబడింది. చిటికెడు ఉప్పు తీసి తన ఎడమ భుజం మీద చల్లుకుంది. ఇంకో చిటికెడు కుడి భుజం మీద.

"ఇంట్లో ఉన్నదానికి ఉప్పెందుకే?" అంది అత్తగారు లోపల్నుంచి.

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఎవరూ చల్లలేదత్తయ్యా. అప్పట్నుంచి బయటే ఉన్నాను."

గిన్నె ఇసోజీ చేతిలో పెట్టింది. అతని కాళ్ళ దగ్గర రెండు బకెట్లు ఖాళీగా ఉన్నాయి, మధ్యాహ్నమే ఆమె తెచ్చి అక్కడ పెట్టింది. చెప్పులు విప్పి, ఆమె లోపలికి అడుగు పెట్టింది.