సగంలో లేచి వచ్చిన పడవ సినిమా

అరవై ఎనిమిదిలో కోటబొమ్మాళి డేరాలో ఆడిన పడవ సినిమా పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. అదే వారం టెక్కలికి కత్తుల సినిమా వచ్చింది. మా భావనపాడు మొత్తం బళ్ళు కట్టుకుని అటే వెళ్ళింది. పడవ సినిమా పనికిమాలినదని నేనూ అనుకున్నాను. సగమే చూసి అనుకున్నాను.

మా అబ్బాయి గంగులుకి అప్పుడు ఇరవై ఏళ్ళు. తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. వాడి పోరు పడలేక డేరాకి వెంట వెళ్ళాను. నిధి కోసం బయల్దేరిన వీరుడి పడవ తుఫానులో చిక్కుకుని ఒక పక్కకి ఒరిగింది. పడవ మునగడం చూసిన కళ్ళతో ఆ నెలంతా తెప్ప ఎక్కకూడదని మా అత్తగారు చెప్పేది. కొంగుతో వాడి కళ్ళు మూసి, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. నేల టికెట్టు వాళ్ళంతా నవ్వారు.

ఆ నవ్వు వాడికి గుచ్చుకుంది. గాలి మారే రోజులు. తెప్పలన్నీ ఒడ్డున ఉంటే వీడు దూరం వేటకి వెళ్తానన్నాడు.

“ఆకాశం సూడరా, ఏటి అలగుందో!”

“ఆ ఈరుడు ఎల్లలేదేటే అమ్మా?”

“ఎల్లి ఏటయ్యాడో నీకు తెలుసేటి?”

“నువ్వు తెలవనిచ్చావేటి?”

ఆ వీరుడు ఏమయ్యాడో చూడాలనుకున్నాను. మర్నాడు పక్కింటి జగ్గమ్మని తోడు తీసుకుని మొదటాటకి వెళ్ళాను.

“కత్తుల సినిమాకి తీసుకెల్లవే అంటే దీనికి తెచ్చావేటే? ఇక్కడ మనుసుల కంటే దోమలే ఎక్కువున్నాయి!” అని గొణిగింది జగ్గమ్మ. నిజమే, పదిమంది లేరు.

పడవ ఒరిగింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. మునగలేదు. వీరుడు ముందు తెరచాప తాడు వదిలేశాడు. చాప జారి కింద పడింది, ఒరిగిన పడవ లేచి నిలబడింది. పెద్ద అల ఒకటి దాటిపోయేదాకా ఆగి, అప్పుడు తెడ్డు పట్టి ఒడ్డు వైపు తిప్పాడు. వట్టి చేతులతో ఇంటికొచ్చాడు. వాళ్ళమ్మ ఏమీ అడగలేదు, అన్నం పెట్టింది. వెనక ఎవరో విసుగ్గా ఈల వేశారు. నేను ఏడ్చాను. కత్తుల సినిమా తర్వాత చూశాను, బాగానే ఉంది. కానీ అందులో ఎవరికీ దేనికీ భయం లేదు.

రాత్రంతా బండిలో వచ్చి, పొద్దున్నే వీరుడు వెనక్కొచ్చాడని చెబితే గంగులు నవ్వాడు.

“నన్నాపడానికి నువ్వే అల్లీసినావు. ఈరుడు ఎనక్కొస్తాడేటి?”

చిన్నప్పట్నుంచీ చీకటనీ, నుయ్యనీ, వాననీ వాణ్ణి భయపెట్టాను. నా మాటకి విలువ లేకుండా నేనే చేసుకున్నాను. అందుకని ఈసారి వద్దనలేదు. చూసింది చూసినట్టు వరసగా చెప్పాను. ముందు తాడు, తర్వాత అల, ఆ తర్వాతే తెడ్డు.

అన్నం కలుపుతున్న వాడి చెయ్యి ఆగింది.

“తాడు ముందొదిలేడా? నువ్వు సూసినావా?”

“సూసినాను. ఎందుకొదిలేడో నాకేటి తెలుసు?”

తెప్ప ఎక్కి ఎరగనిదాన్ని, అంత మాట నేను అల్లలేనని వాడికి తెలుసు.

అయినా మర్నాడు వెళ్ళాడు. నేను ఇసకలో నిలబడే ఉన్నాను. ఎండెక్కకముందే గాలి లేచింది. దూరంగా వాడి తెరచాప జారడం కనిపించింది. తెప్ప మునిగిందనుకుని కూలబడ్డాను. కాసేపటికి తెడ్డు ఆడింది.

వట్టి వలతో ఒడ్డెక్కాడు.

“ఏటిరా సినిమా ఈరుడా, సేపలేవీ?” అని అందరూ ఎగతాళి చేశారు.

నేనేమీ అడగలేదు. అన్నం పెట్టాను.