రికార్డింగ్ వేళ

"సాయంత్రం మిక్సీ వేశావా?" అని అడిగారు మా ఆయన.

వేశాను. ఆయన ఆఫీసు నుంచి వచ్చేలోపు టీవీ పెట్టె తనంతట తానే ఫుట్‌బాల్ ఆటను రికార్డు చేసి ఉంచాలి. ఉంచింది. తీరా గోల్ పడే చోట ఆటగాళ్ళు గళ్ళుగళ్ళుగా విడిపోయారు. తర్వాత 'సిగ్నల్ బలహీనం' అన్న అక్షరాలే మిగిలాయి.

ఆదివారం పరీక్ష పెట్టారు. ఆయన రిమోట్‌తో సోఫాలో, నేను వంటింట్లో. వెయ్యి అంటే వెయ్యాలి, ఆపు అంటే ఆపాలి. మిక్సీ, పొగ లాగే ఫ్యాను, బట్టల మిషను. ఏది వేసినా బొమ్మ చెదిరింది. పెళ్ళైన నాటి నుంచీ ఆ మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి. తిన్నవాళ్ళకీ తొడుక్కున్నవాళ్ళకీ వాటి చప్పుడు వినపడలేదు. గోల్ పోయాక వినపడింది.

"మా రోజుల్లో చేత్తోనే రుబ్బాం. ఎవరి బొమ్మా చెడలేదు," అన్నారు అత్తయ్య.

ఆ రోజుల్లో వాళ్ళింట్లో టీవీ లేదు. ఆ మాట నేను అనలేదు. అనని మాటల వల్లే ఈ ఇంట్లో నాకు మంచి పేరు.

తీర్పు వచ్చింది. రికార్డింగు ఉన్న రోజున ఆరు నుంచి ఎనిమిది దాకా వంటింట్లో ఒక్క మోటారూ తిరగకూడదు.

మర్నాడు ఆట ఉంది. పోస్టాఫీసు కౌంటర్ మూసి ఇంటికొచ్చి, అలవాటుగా మిక్సీ మీద చెయ్యి వేసి ఆగిపోయాను. టీ పెట్టుకున్నాను. కూర్చుని తాగాను. వేడి టీకి నాలుక కాలుతుందన్న సంగతే మరిచిపోయాను. కాలింది. బాగుంది.

ఆయన వచ్చి, వంట ఇంకా కాలేదేమని అడిగారు. మోటార్లు ఆపమన్నారు కదండీ అన్నాను.

"కూరగాయలు తరగడానికి మోటారు దేనికి?" అన్నారు, పట్టుకున్నట్టుగా.

"అందుకే అవి మీకు ఉంచాను."

చాకూ పళ్ళెమూ ఆయన ముందు పెట్టాను. రికార్డయిన ఆట చూస్తూ తరిగారు. ఏ ముక్కకూ మరో ముక్కతో చుట్టరికం లేదు. ఉల్లిపాయల దగ్గర కళ్ళు తుడుచుకుని, గోల్ అలాంటిదన్నారు.

ఆట ఉన్న సాయంత్రాలన్నీ అలాగే గడిచాయి.

ఒక ఆదివారం టీవీ వెనక దుమ్ము దులుపుతున్నాను. ఆ వెనక్కి తొంగిచూసేది ఇంట్లో నేనొక్కదాన్నే. యాంటెనా తీగ చివరి బిగింపు నా వేళ్ళలో గిర్రున తిరిగింది. వదులుగా ఉంది. బిగించాను. టీవీ పెట్టి, మిక్సీ వేసి చూశాను. ఫ్యానూ వేశాను. బొమ్మ చెక్కుచెదరలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇన్నాళ్ళూ నిందపడింది నా వంటిల్లు.

పిలిచి చెబుదామని నోరు తెరిచాను. చెబితే ఏమవుతుందో తెలుసు. ముందే చూసుకోవద్దా అంటారు. రేపటి నుంచి ఆరింటికి మిక్సీ తిరుగుతుంది. టీ చల్లారుతుంది.

"అక్కడేం చేస్తున్నావ్?" అన్నారు ఆయన పక్క గదిలోంచి.

"దుమ్ము దులుపుతున్నానండీ."

బిగింపును మళ్ళీ ఒక చుట్టు వదులు చేశాను. రిమోట్ తీసుకుని, రికార్డింగును ఆరు నుంచి ఎనిమిది దాకా, ప్రతిరోజూ అని పెట్టాను.